బావి పక్కన నందివర్ధనం

ఆస్పత్రి నుంచి ఇంటికి వచ్చాక ఆయన నోట వచ్చిన మొదటి మాట "గమనించండి."

మంచం మీద కూర్చోబెట్టి వీపు వెనక దిండు సర్దుతున్న భార్య, ఏం గమనించాలో తెలియక గది నలుమూలలా చూసింది. ఫ్యాను తిరుగుతోంది. కిటికీ తీసే ఉంది. మంచినీళ్ళు చేతికందేంత దూరంలోనే ఉన్నాయి. ఏం కావాలని అడిగింది. ఆయన కనుబొమలు ముడిచి, ఎడమ చేత్తో కిందికి చూపించి, మళ్ళీ "గమనించండి" అన్నాడు. వంగి చూస్తే ఆయన కుడి పాదం మంచం కోడుకీ చెప్పుకీ మధ్య ఇరుక్కుపోయి ఉంది.

ఆ తర్వాత అన్నిటికీ అదే మాట. ఆకలేస్తే గమనించండి. దుప్పటి వద్దంటే గమనించండి. కోపం వస్తే అదే మాట ఇంకాస్త గట్టిగా. మూతి కుడివైపు కొద్దిగా జారింది గానీ గొంతు మాత్రం చెక్కుచెదరలేదు. బస్టాండులో ఏ బస్సు ఎక్కడ ఆగుతుందో చెప్పే గొంతు అది. "ప్రయాణికులు గమనించండి" అని ఆయన మొదలుపెడితే సామాన్ల మీద తల వాల్చి కునుకు తీస్తున్నవాళ్ళు కూడా లేచి సంచులు సర్దుకునేవారు. వీధిలో అందరికీ ఆయన మైకాయన, ఆమె మైకాయన భార్య. ఇంటికొచ్చాక కూడా మైకు కట్టేసే అలవాటు ఆయనకి లేదు. చొక్కా విప్పుతూ, అన్నం కలుపుతూ, పక్క దులుపుతూ కూడా డ్రైవర్ల తగాదాల నుంచి దేశాల మధ్య యుద్ధాల దాకా ఏదో ఒకటి చెబుతూనే ఉండేవాడు. ఆమె ఊ కొడుతూ తన పని తాను చేసుకుపోయేది.

ఇప్పుడా ఇంట్లో ఊ కొట్టడానికి ఏమీ లేదు. మెదడులో మాటలుండే చోటికి నెత్తురు అందకుండా గడ్డ అడ్డం పడిందనీ, ప్రాణానికి భయం లేదనీ, కాలూ చెయ్యీ మెల్లమెల్లగా దారికొస్తాయనీ, మాట సంగతి మాత్రం ఇప్పుడే చెప్పలేమనీ పెద్ద డాక్టరు చెప్పి పంపించాడు.

కబురు తెలిసిన వెంటనే ఆయన అక్క పెట్టె సర్దుకుని వచ్చేసింది. వదిన చేతులు ఒక్క క్షణం ఊరుకునేవి కావు. వచ్చిన పూటే వంటింటి డబ్బాలన్నీ దించి తుడిచింది, తమ్ముడికి జావ కాచింది, మెడ చుట్టూ తువ్వాలు కట్టి చెంచాతో తాగించింది. ఆయన ఎడమ చేత్తో చెంచా అందుకోబోతే, ఒలకబోసుకుంటావంటూ ఆ చెయ్యి మెల్లగా పక్కకు తోసింది. తమ్ముడంటే ఆవిడకి ప్రాణం. చిన్నప్పుడు చంకనేసుకుని తిప్పిన తమ్ముడు మళ్ళీ చంకలోకి వచ్చినట్టే ఉంది ఆవిడకి.

బస్టాండు నుంచి తోటి ఉద్యోగులు చూడటానికి వచ్చారు. ఎలా ఉందన్నా అని ఒకాయన అడిగాడో లేదో, వదిన అందుకుంది.

"వాడేం చెప్తాడు నాయనా. పసిపిల్లాడైపోయాడు. వాడికేం తెలియడం లేదు, నేనెవరో కూడా తెలుసో లేదో."

వచ్చినవాళ్ళు తలలు ఊపి, గొంతులు తగ్గించి, ఆయన ఎంత మంచి మనిషో చెప్పుకోసాగారు. కలుపుగోలుగా ఉండేవాడు, అందరినీ నవ్వించేవాడు, అని. కుర్చీలో కూర్చున్న మనిషి గురించి అలా పోయినవాళ్ళ లెక్కలో మాట్లాడుతుంటే, గుమ్మం దగ్గర టీ పళ్ళెం పట్టుకుని నిలబడ్డ ఆమె ఆయన చేతినే చూస్తూ ఉండిపోయింది. ఎడమ చెయ్యి దుప్పటి అంచుని పట్టుకుని మెలితిప్పుతోంది. మెలి బిగిసి, వేళ్ళ కణుపులు తెల్లబడ్డాయి. ఈయన అన్నీ వింటున్నాడు, అనుకుంది. ఆ మాట పైకి అనాలనుకుంది. ఇన్నేళ్ళుగా నలుగురిలో నోరు తెరిచే అవసరమే రాలేదు, అలవాటు లేని మాట గొంతు దాటలేదు. టీలు ఇచ్చి లోపలికి వెళ్ళిపోయింది.

వాళ్ళు వెళ్ళాక వదిన అసలు సంగతి తెచ్చింది. మరదలికి సెలవు అయిపోవస్తోంది. చొక్కాలు కుట్టే కార్ఖానాలో కాలర్లు తిప్పే పని ఆమెది. సోమవారం రాకపోతే ఆ బల్ల దగ్గర ఇంకొకరు కూర్చుంటారని మేస్త్రీ చెప్పేశాడు. కూతురు పరీక్షలున్నాయని హాస్టలుకి వెళ్ళిపోయింది. దాహమేస్తే నీళ్ళని కూడా అడగలేని మనిషిని ఇంట్లో ఒంటరిగా పెట్టి తాళం వేసుకుని వెళ్తావా, అని వదిన అడిగింది. తన ఇంటికి తీసుకెళ్ళి చూసుకుంటుంది. ఆదివారం తన అల్లుడు కారు తెస్తాడు. వదిన ఊరికి సగం రోజు ప్రయాణం. ఆమె కొంగు చివర వేలికి చుట్టుకుంటూ నిలబడింది, వదిన చెప్పినదాంట్లో అబద్ధం ఒక్కటీ లేదు మరి.

"ఏరా తమ్ముడూ, మా ఇంటికి వచ్చేద్దువుగాని" అంది వదిన, మంచం వైపు తిరిగి.

"గమనించండి" అన్నాడాయన.

"చూశావా, సరేనంటున్నాడు."

*

మాటలు నేర్పే డాక్టరమ్మ గది ఆస్పత్రి వెనక వరండాలో ఉంది. ఇరుకైన గది, ఒక బల్ల, గోడకి ఒక అద్దం. డాక్టరమ్మకి జలుబు చేసినట్టుంది, ముక్కు తుడుచుకుంటూనే నవ్వుతూ పలకరించింది. ఆమెని కాదు, ఆయన్ని. కూర్చోమని కుర్చీ చూపించి, ఆయన కూర్చునేదాకా ఆగింది. అలా ఆగిన మనిషిని ఆమె ఈ మధ్య చూడలేదు.

బొమ్మల కార్డులు ఒక్కొక్కటే చూపించింది. కప్పు బొమ్మ చూసి ఆయన "గమనించండి" అన్నాడు. తాళంచెవి చూసి అదే. మూడో బొమ్మ వచ్చేసరికి పక్కనున్న వదిన ఆగలేకపోయింది. గొడుగురా, గొడుగు, అని గుసగుసగా అందించింది. ఆ తర్వాత గడియారం, చెప్పులు, పిల్లి, అన్నీ ఆవిడే చెప్పేసి, పరీక్ష పాసైనట్టు సంతోషంగా కొంగుతో మొహం తుడుచుకుంది. డాక్టరమ్మ ఆవిణ్ణి బయట మందుల దుకాణంలో ఫలానా మాత్రలు ఉన్నాయేమో కనుక్కు రమ్మని మర్యాదగా పంపించింది.

వదిన తలుపు దాటాక డాక్టరమ్మ ఆయన వైపు వంగింది.

"ఈ గదిలో ఏనుగు ఉందాండీ?"

ఆయన ఒక్క క్షణం డాక్టరమ్మ మొహంలోకి చూశాడు. తర్వాత నింపాదిగా తల తిప్పి, వదిన అప్పుడే వెళ్ళిన తలుపు వంక చూశాడు. మూతి ఎడమ సగం పైకి లేచింది. భార్యకి నవ్వు తన్నుకొచ్చింది. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని తల వంచేసుకుంది. నవ్వుతుండగానే కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఈ మనిషి ఎక్కడికీ పోలేదు.

"అన్నీ అర్థమవుతున్నాయమ్మా ఈయనకి" అంది డాక్టరమ్మ. "మాటలు లోపలే ఉన్నాయి, బయటికి రావడానికి దారి దొరకడం లేదు. మీరు ఎంత మాట్లాడితే అంత మంచిది. ఇదేంటి, అదేంటి అని పరీక్షలు పెట్టకండి. మీ ఇద్దరికీ బాగా తెలిసిన సంగతులు చెప్పండి. ఆయన మాట కోసం వెతుక్కుంటుంటే మాత్రం అందించకండి, ఆగండి. ఎంతసేపైనా సరే."

"మాట్లాడ్డం మా ఇంట్లో ఆయన పనమ్మా. నాకు ఊ కొట్టడమే వచ్చు."

"కొన్నాళ్ళు ఆయన ఊ కొడతార్లెండి" అని డాక్టరమ్మ ముక్కు తుడుచుకుంది.

*

మర్నాడు పొద్దున్న ఆయన్ని బాల్కనీలో కుర్చీలో కూర్చోబెట్టి, తను పీట వేసుకుని ముందు కూర్చుంది. ఆయన కుడి చెయ్యి ఒళ్ళో పెట్టుకుని నూనె రాసింది. వేళ్ళు లోపలికి ముడుచుకుని ఉన్నాయి. కార్ఖానాలో కాలరు కుట్టేసి ఇస్తే, దాని మొనలోకి మొద్దుపుల్ల దూర్చి, గుడ్డ చిరగకుండా బయటికి తిప్పడం ఆమె పని. తొందరపడితే మొన పోతుంది, మెతకగా లాగితే మొన రాదు. అలాగే ఆయన వేళ్ళు ఒక్కొక్కటిగా విప్పుతూ, మాట్లాడటం మొదలుపెట్టింది. కుళాయి నీళ్ళ గురించి చెప్పింది. పక్కింటివాళ్ళు కొన్న బీరువా మెట్లెక్కకుండా మధ్యలో ఇరుక్కున్న సంగతి చెప్పింది. అంతే, సంగతులు అయిపోయాయి. రోజంతా మాట్లాడే ఆయన అన్నీ ఎక్కణ్ణుంచి తెచ్చేవాడో అనిపించింది.

ఎదురింటి మేడ మీద ఎవరో కొత్తగా తెచ్చిన కుండీలో కాగితంపూల తీగ గాలికి ఊగుతోంది.

"మన గేటు మీద ఉండేది చూడండి ఇలాంటిది" అంది. "దీనికంటే ముదురు రంగు."

ఆ ఒక్క మాటతో గేటు తెరుచుకున్నట్టయింది. ఇప్పుడున్నది మూడో అంతస్తు, తొట్టి పెడితే మనిషి నిలబడ్డానికి చోటుండదు. అంతకుముందు వాళ్ళు అద్దెకున్న పాత ఇల్లు రెండు గదులే గానీ చుట్టూ చోటుండేది. పిచ్చి మొక్కలూ పెంకు ముక్కలూ నిండిన ఆ జాగాని ఆమె ఒక్కతే ఏరి, తవ్వి, తోట చేసింది. అదంతా చెప్పసాగింది. గోడవారగా చంద్రకాంత ఉండేదా, సాయంత్రం ఆమె పని నుంచి వచ్చే వేళకి సరిగ్గా విచ్చుకునేది. ఇటుకలు ఏటవాలుగా పాతి చేసిన మడిలో చామంతులు. కిటికీకి పురికొస కట్టి ఎక్కించిన సన్నజాజి, ఒకసారి లోపలికి పాకి బట్టల తాడు చుట్టేసుకుంది. చాకిరేవు బండ పక్కన కనకాంబరాలు, సబ్బు నీళ్ళు తాగి కూడా బతికేవి. వెనక మూల పారిజాతం. ఇరుగుపొరుగు ఆడవాళ్ళు పూల కోసం వచ్చి కోసుకోవడం మరిచిపోయి కబుర్లలో పడేవారు. చెబుతుంటే ఆమెకి గోళ్ళ కింద మట్టి ఉన్నట్టే అనిపించింది.

"మీకు గిట్టేది కాదు కదా" అని నవ్వింది. "పాములు చేరతాయనేవారు. బావిలో నీళ్ళన్నీ దీనికే పోస్తున్నావనేవారు. తేనెటీగ కుట్టిందని మొత్తం పీకేస్తానన్నారు ఒకసారి."

ఆయన 'గమనించండి' కూడా అనలేదు. కానీ ఆమె ఒళ్ళో ఉన్న చెయ్యి మెత్తబడింది. చిటికెన వేలు ఆమె తీయకుండానే విచ్చుకుంది.

లోపల్నుంచి వదిన వచ్చి చూసి, గోడతో మాట్లాడినట్టు ఎందుకమ్మా ఆ శోష, అంది జాలిగా.

ఆ మర్నాడు వదిన స్నానానికి వెళ్ళిన సమయంలో ఆమె మళ్ళీ గేటు దగ్గర మొదలుపెట్టింది. చంద్రకాంత, చామంతులు, సన్నజాజి దాటి బావి దగ్గరికి వచ్చింది.

"బావి పక్కన గన్నేరు ఉండేది కదా, దాని కొమ్మ వంగి గిలకకి తగులుతుంటే..."

ఆయన తల అడ్డంగా ఊపాడు.

ఆమె వేళ్ళు ఆగిపోయాయి. ఆయన మొహం ఎర్రబడింది. పెదవులు ఏదో ఆకారం కోసం తంటాలు పడుతున్నాయి. గమ అని మొదలై ఆగిపోయింది. ఆయనే ఆపుకున్నాడు. ఎడమ చెయ్యి కుర్చీ చేతిని గుద్దింది. గన్నేరు కాకపోతే ఏముందక్కడ? ఆమెకి అప్పుడే గుర్తొచ్చింది, నాలుక చివరిదాకా వచ్చింది. పళ్ళు బిగించుకుని ఆగింది.

"నం" అన్నాడాయన. "నంది."

కింద వీధిలో ఎవరో స్కూటరు తన్నుతున్నారు. అది స్టార్టయి వెళ్ళిపోయింది.

"నందివర్ధనం."

"అవునండీ" అంది ఆమె. "నందివర్ధనమే. నేనే మర్చిపోయాను."

నా తోటలో నాకే తప్పు పట్టాడు, అనుకుంది. పెళ్ళయిన దగ్గర్నుంచి ఆయన తప్పు పట్టినప్పుడల్లా మూతి ముడుచుకున్న మనిషి, ఆ రోజు మొహం ఎక్కడ దాచుకోవాలో తెలియనంత సంతోషపడింది. పరుగున వెళ్ళి స్నానాలగది తలుపు కొట్టి వదినకి చెప్పింది. వదిన తడి తలతోనే వచ్చి తమ్ముడి ముందు నిలబడింది. ఏదిరా, ఏదో అన్నావంట, మళ్ళీ అను, అంది. గ్లాసు చూపించి ఇదేంటి అంది. తనని చూపించుకుని నేనెవర్ని అంది. ఆయన ఇద్దరి వంకా మార్చి మార్చి చూశాడు. నుదుట చెమట పట్టింది.

"గమనించండి" అన్నాడు చివరికి.

వదిన మరదలి భుజం తట్టింది. ఆశ కొద్దీ అలాగే అనిపిస్తుందమ్మా, నా తమ్ముడు కాదా, నాకు మాత్రం ఉండదా ఆశ, అంది. ఆ గొంతులో ఎగతాళి లేదు, నిజంగా దుఃఖమే ఉంది.

*

ఆ తర్వాత ఆమె ఎవరికీ ఏమీ రుజువు చెయ్యబోలేదు. వదిన వంటింట్లో ఉన్నప్పుడు, కునుకు తీసినప్పుడు, బాల్కనీలో పీట వేసుకునేది. ఇప్పుడు తప్పులు కావాలనే చెప్పేది. చామంతులన్నీ తెల్లవే కదా అంటే, కాసేపు కుస్తీ పట్టి "పచ్చ" అనేవాడు. సన్నజాజి వీధి కిటికీకి కదా అంటే చెయ్యి వెనక్కి చూపించి "ఇటు" అనేవాడు. మరీ పెద్ద తప్పు చెప్పిన రోజు ఆయన కాసేపు ఆమెనే చూసి, "అబద్ధం" అన్నాడు, చాలా స్పష్టంగా. దొరికిపోయిన ఆమె నూనె గిన్నె తన్నేసుకుంది.

అయినా ఆదివారం ఆగలేదు. వదిన ముందురోజే ఆయన బట్టలు మడతపెట్టి సంచిలో సర్దేసింది. మాత్రల డబ్బా, తువ్వాళ్ళు, గడ్డం సామాను అన్నీ. పూలపేర్లు నాలుగు వచ్చినంత మాత్రాన మనిషి ఒంటరిగా ఇంట్లో ఉండగలడా, అని వదిన అంటే, ఆమె మాత్రల వేళలు కాగితం మీద రాసి సంచిలో పెట్టింది. పొద్దున్నే అల్లుడు కారు తెచ్చాడు. నెమ్మదస్తుడు, చెప్పులు విప్పి గుమ్మం దగ్గరే నిలబడి, మావయ్యా అని పలకరించాడు.

ఆమె మొహం చూసి, అత్తయ్య అలా ఉన్నారేం అని అతను అడిగితే, వదినే చెప్పింది. పాపం ఇది రోజూ పాత ఇంటి తోట గురించి చెబుతూ కూర్చుంటుంది వాడికి, దాని పిచ్చి దానిది, అని.

"నేనూ చూశాగా ఆ ఇల్లు. ఏం తోట నాయనా, నాలుగు బంతి మొక్కలు."

"కాదు."

అందరూ కుర్చీ వైపు తిరిగారు.

"నాలుగు... కాదు" అన్నాడాయన. ఎడమ చెయ్యి గాలిలోకి లేచింది. గుమ్మంలో నిలబడ్డ అల్లుణ్ణి చూపించి, "గేటు" అన్నాడు. వెతుక్కున్నాడు. "కాగితం. కాగితంపూలు."

అల్లుడు తను గేటు అయినట్టు కదలకుండా నిలబడిపోయాడు. ఆయన చెయ్యి గోడవెంట జరిగింది. చంద్ర, అని ఆగి, ఊపిరి పీల్చుకుని, చంద్రకాంత అన్నాడు. బీరువా దగ్గర చామంతి. పచ్చ చామంతి, అని భార్య వంక ఒక చూపు చూసి మరీ అన్నాడు. కిటికీ దగ్గర జాజి. మంచినీళ్ళ బిందె దగ్గరికి వచ్చేసరికి మాట ముందే సిద్ధంగా ఉన్నట్టు నందివర్ధనం తేలిగ్గా వచ్చేసింది. కనకాంబరం ముక్కలు ముక్కలుగా వచ్చింది. బంతి ఎక్కడా రాలేదు. ఆ తోటలో బంతి లేదు.

గది మూలకి వచ్చి చెయ్యి ఆగిపోయింది. ఆ చివరి పేరు దొరకడం లేదు. ఆయన వేళ్ళు పైనుంచి కిందికి రాలుతున్నట్టు కదిలాయి. నేల మీంచి ఏరుతున్నట్టు కదిలాయి. భార్య కొంగు నోట్లో కుక్కుకుంది. ఏదో అందించడానికి వదిన పెదవులు విచ్చుకున్నాయి. తమ్ముడి మొహం చూసి, ఆవిడ నోరు మూసుకుంది. అరచెయ్యి గుండెల మీద పెట్టుకుని, జీవితంలో మొదటిసారి కాబోలు, ఊరికే ఎదురుచూసింది.

"పారిజాతం" అన్నాడాయన. అని వెనక్కి వాలి, బస్సు ఎక్కినవాడిలా ఊపిరి వదిలాడు.

వదిన వెళ్ళి ఆయన కాళ్ళ దగ్గర నేల మీద కూలబడింది. వాడికేం తెలియదని వాడి ముందే ఎన్ని మాటలన్నానో, అని ఏడ్చింది. కాసేపటికి ముక్కు చీది, తమ్ముడి మోకాలి మీద చెయ్యి వేసింది.

"ఎక్కడుంటావురా?"

ఈసారి తనే జవాబు చెప్పలేదు. ఆయన చాలాసేపు తీసుకున్నాడు.

"ఇక్కడ" అన్నాడు.

వదిన లేచి, సర్దిన సంచి విప్పి బట్టలు తిరిగి బీరువాలో పెట్టడం మొదలుపెట్టింది. అల్లుణ్ణి టిఫిను చేసి బయల్దేరమంది, కారు ఖాళీగానే వెళ్తుందని చెప్పింది. మరదలు రేపట్నుంచి పనికి వెళ్ళొచ్చు. కూతురు పరీక్షలు అయ్యి వచ్చేదాకా పగలంతా తను ఇక్కడే ఉంటుంది. చెంచా వాడి చేతికే ఇస్తుంది, ఒలకబోసుకుంటే తుడుస్తుంది. బీరువా తలుపు చాటు నుంచి ఇవన్నీ హుకుముల్లాగే చెప్పింది గానీ, ఆమెకి ఆ మాటలు వింటుంటే వారం రోజులుగా భుజాల మీద మోస్తున్న బిందె ఎవరో దించినట్టయింది. అలాగే వదినా, అంది. ఇంకో మాట కూడా అనాలనిపించింది, అనేసింది. ఉప్పు కొంచెం తగ్గించండి, ఆయనకి పడదు, అని. వదిన తిరిగి చూసి, ఇంతకాలం చెప్పవేం, అంది.

సాయంత్రం ఎండ తగ్గాక ఇద్దరూ బాల్కనీలో కూర్చున్నారు. రేపటి పనికి చీర ఇస్త్రీ చేసుకుని వచ్చి, ఆమె ఆయన చెయ్యి ఒళ్ళోకి తీసుకుంది.

"అవునూ, ఇన్ని పేర్లు మీకెలా గుర్తున్నాయి? ఒక్కనాడైనా మొక్క వంక చూసిన పాపాన పోలేదు కదా."

ఆయన మాట కోసం వెతికాడు. దొరక్క, ఎడమ చేత్తో చెవి ముట్టుకున్నాడు.

"విన్నా."

"ఎవరు చెప్పారు?"

"నువ్వు. పొద్దున్న. మొక్కలకి."

ఆమెకి ముందు అర్థం కాలేదు. తర్వాత ఆ ఇంటి స్నానాలగదికి బావి వైపు ఉన్న చిన్న కిటికీ కళ్ళ ముందు కనపడింది. రోజూ ఆ వేళకి ఆయన లోపల గడ్డం గీసుకుంటూ ఉండేవాడు. ఇంట్లో ఆయన గొంతు వినపడని సమయం అదొక్కటే. మాట్లాడితే బ్లేడు గీసుకుంటుందని కాబోలు అనుకునేది తను. ఆ కాసేపట్లోనే బకెట్టు మోసుకుంటూ ఒక్కో మొక్కనీ పేరు పెట్టి పలకరిస్తూ, నీళ్ళు పోస్తూ, కడుపులో ఉన్నదంతా వాటికి చెప్పుకునేది. చంద్రకాంతకి కొద్దిగా, జాజికి కొద్దిగా, నందివర్ధనానికి చాలా. తనకి మాటలు రావని అంత గట్టిగా నమ్మిన మనిషికి, అవన్నీ మాటలేనని ఇప్పుడే తట్టింది.

ఏమేం చెప్పుకుందో కూడా గుర్తొచ్చింది. చెవులు వేడెక్కాయి.

"అన్నీ విన్నారా?"

"అన్నీ" అన్నాడాయన. మూతి ఎడమ సగం మెల్లగా పైకి లేస్తోంది. "రే... రేడియో. మీట... లేదు."

మా ఇంట్లో రేడియోకి ఆపే మీట లేదమ్మా. ఆయన గురించి నందివర్ధనంతో తను ఎన్ని పొద్దులు అని ఉంటుందో ఆ మాట. ఆమె రెండు చేతులతో మొహం కప్పుకుంది. ఆయన నవ్వుతున్నాడు. వంకరగా, సగం మూతితో, చప్పుడు చేస్తూ. ఆమెకీ నవ్వు ఆగలేదు. ఏంటర్రా ఆ నవ్వులు, అంటూ వదిన వంటింట్లోంచి చేతులు తుడుచుకుంటూ వస్తున్న అలికిడి వినపడింది.

ఆమె గబుక్కున ఆయన చెవి దగ్గరికి వంగింది.

"మీ అక్క గురించి చెప్పినవి మాత్రం ఆవిడతో అనకండి."